ఎదురు మేడ కిటికీ

జైలు, వెనక వరస గది నుంచి

అక్కా,

ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేలోపు ఇక్కడి ఆఫీసరుగారు ఒకసారి చదువుతారు. కాబట్టి ముందు ఆయనకు నమస్కారం, తర్వాత నీకు.

నేను బాగున్నానంటే నువ్వు నమ్మవు. బాగాలేనంటే పని మానుకుని ఏడుస్తూ కూర్చుంటావు. అందుకని ఆ సంగతి పక్కన పెట్టి అసలు విషయానికి వస్తాను. పోలీసులు కోర్టుకిచ్చిన కాగితాలు లాయరమ్మ నాకు చదివి వినిపించింది. మన అద్దాల కొట్టుకి ఎదురుగా మేడ మీద ఖాళీ గది ఉంది చూడు, అందులో ఇద్దరు పోలీసులు వారాల తరబడి మాటు వేశారట. రోజూ మధ్యాహ్నం దాటాక కిటికీలోంచి మన కొట్టులోకి చూసేవాళ్ళట. నేను బల్ల ముందు కూర్చుని, ఫోటో ఫ్రేముల వెనక అట్ట విప్పి, అందులో మత్తుమందు పొట్లాలు పెట్టి వచ్చినవాళ్ళకు అందిస్తుంటే కళ్ళారా చూశారట.

అది వినగానే నాకు నవ్వొచ్చింది. ఇక్కడికి వచ్చాక నవ్వడం అదే మొదలు. లాయరమ్మ నాకు మతి పోయిందనుకుంది.

మధ్యాహ్నం దాటాక ఆ కిటికీలోంచి మన కొట్టులోకి చూడగలిగిన మొనగాడు ఇంకా పుట్టలేదక్కా. నీకు నేను చెప్పాలా? నాన్న ఉన్నప్పటి నుంచీ అమ్మకానికి పెట్టిన అద్దాలన్నీ వీధి వైపు మొహం పెట్టి, పడిపోకుండా కాస్త వెనక్కి వాల్చి, గుమ్మం పొడుగునా నిలబెడతాం. పొద్దు వాలేసరికి ఎండంతా వాటి మీద పడి, తిరిగి ఎదురు మేడ మీదకే పోతుంది. ఆ గదిలో పాఠాలు చెప్పుకునే మాస్టారు కళ్ళు పోతున్నాయని మనతో ఎన్ని గొడవలు పడ్డాడు! చివరికి మనకో దండం పెట్టి గది ఖాళీ చేసి పోయాడు. ఆయన చూడలేనిది పోలీసులు ఎలా చూశారో మరి.

పొట్లాలు దొరకడం మాత్రం నిజం. మెట్ల కింద పడేసిన పెద్ద ఫ్రేము వెనక దొరికాయి. అవి ఎవరు పెట్టారో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. మనది తలుపు తీసి ఉండే కొట్టు, వచ్చేవాళ్ళు వస్తారు, పోయేవాళ్ళు పోతారు. లాయరమ్మ చెప్పేదేమిటంటే, ఆ పొట్లాలకీ నాకూ ముడి వేస్తున్నది పోలీసులు చూశాం అన్న మాట ఒక్కటే. అది అబద్ధమని తేలితే ఇంటికి వస్తాను. తేలకపోతే పదేళ్ళు. జడ్జిగారే స్వయంగా వచ్చి ఒక మధ్యాహ్నం ఆ కిటికీ దగ్గర నిలబడి చూడాలని ఆవిడ అర్జీ పెడుతోంది.

చిట్టిని చదువు మానొద్దని చెప్పు. కాలేజీ నుంచి రాగానే కొట్టులో కూర్చుని ఫ్రేములకి రంగులేస్తే మేనమామ తిరిగొచ్చేస్తాడా? అది వేసిన రంగు గీకేసి నేను మళ్ళీ వేయడం ఎప్పుడూ ఉన్నదే అని కూడా చెప్పు. కాస్త కోపమొస్తే మంచిదే, తిండి తింటుంది.

నీ తమ్ముడు


కొట్టు నుంచి

తమ్ముడూ,

ముందు ఆఫీసరుగారికి నా నమస్కారం కూడా. మావాడి నోటికి తాళం లేదండీ, మనసులో పెట్టుకోకండి.

నీ ఉత్తరం చదవగానే చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురు మేడ ఎక్కాను. తాళం ఇవ్వడానికి ఆ మేడ యజమాని నసిగాడు, మళ్ళీ నా మొహం చూసి ఇచ్చేశాడు. కిటికీ తెరిచి చూద్దును కదా, నాకేమీ కనపడలేదురా. బల్ల లేదు, కొట్టు లేదు, గుమ్మం లేదు, అంతా వెలుగే. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకుంటూ అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను, అది ఎండ వల్ల కాదులే.

యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో సెలవు పెట్టి కొట్టు నేనే చూసుకుంటున్నాను. అద్దాలు ఎత్తడం, వాల్చడం నాకేమైనా కొత్తా? నాన్న ముందు నాకే నేర్పాడు, నువ్వప్పుడు చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేవు. పొద్దున్నే అన్నీ బయట పెడుతున్నాను, నువ్వు ఎంత వాల్చేవాడివో అంతే. బేరాలు మాత్రం లేవు. ఇదివరకు మన అద్దాల ముందు ఆగి జుట్టు సర్దుకోనిదే ఈ వీధిలో ఎవరూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు కాదు. ఇప్పుడు కొట్టు దగ్గరికి రాగానే అవతలి పక్కకి దాటుకుని పోతున్నారు. పోనీలే, నువ్వొచ్చాక వాళ్ళే ఇటు దాటుకుని వస్తారు.

చిట్టి సగమైపోయింది. పిలిస్తే పలకదు, పలికితే మొహం చూడదు. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా ఇంత డీలా పడలేదు. అప్పుడు నువ్వు భుజాన వేసుకుని తిరిగావు. ఇప్పుడు నీ కోసమే బెంగ పెట్టుకుంటే ఎవరు తిప్పుతారు? నీ ఉత్తరం చదవమని ఇస్తే తీసుకోలేదు, నువ్వే చదివి చెప్పమ్మా అని పైకి వెళ్ళిపోయింది.

లాయరమ్మ ఇప్పుడే మనిషిని పంపింది. జడ్జిగారు రావడానికి ఒప్పుకున్నారట. నాకు కాళ్ళు నేల మీద ఆగడం లేదు.

అక్క


జైలు నుంచి

అక్కా,

జడ్జిగారు వస్తున్నారని తెలిసిన రోజు పళ్ళెంలో పెట్టినదంతా తిన్నాను. నా పక్కన పడుకునే వంటాయన ఆశ్చర్యపోయాడు. ఇక్కడి తిండి మొత్తం తినేవాణ్ణి ఆయన ఇంతవరకూ చూడలేదట.

ఒక సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు. ఆఫీసరుగారూ, కొట్టేయాలనిపిస్తే ఈ నాలుగు ముక్కలూ కొట్టేయండి. నాకిక్కడ భయంగా ఉందక్కా. ఈ వరసలో మాట చెల్లేవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు చెప్పిన పని చేయకపోతే ఏమవుతుందో వంటాయనకి తెలుసు. ఆయన ఇప్పుడు దేన్నీ నమలలేడు, నీళ్ళలో నానబెట్టుకుని మింగుతాడు. ఆయన నాకొక మాట చెప్పాడు. "మొదట్లో రోజూ ఇంటికి పోతాననుకుంటావు. తర్వాత అనుకోవు. అప్పుడు తేలిగ్గా ఉంటుంది." నాకా తేలిక వద్దు. ఆ మాట విన్నప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు.

జడ్జిగారు వచ్చే రోజున నువ్వేమీ చేయకు. రోజూ కొట్టు ఎలా ఉంటుందో అలాగే ఉంచు. నీకు ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే సర్దుడు రోగం ఉంది, ఆ ఒక్క రోజూ దాన్ని కట్టి పెట్టు. అద్దాలు బయట ఉంటే చాలు, మనం నోరు విప్పక్కర్లేదు. ఆయన కిటికీ తెరుస్తాడు, కళ్ళు మూసుకుంటాడు, అంతటితో కేసు తేలిపోతుంది. నేనొచ్చాక నువ్వు ఫ్యాక్టరీకి పో, నా కొట్టు నాకు వదిలెయ్.

నీ తమ్ముడు


కొట్టు నుంచి

తమ్ముడికి,

జడ్జిగారు వచ్చి వెళ్ళారు. లాయరమ్మ నీకు చెప్పే ఉంటుంది.

పెద్దాయన వస్తున్నారు కదా అని పొద్దున్నే కొట్టంతా ఊడ్చి తుడిచాను. ఆయన కళ్ళలో ఎండ కొడితే అమర్యాదగా ఉంటుందేమో అనిపించింది. అద్దాలన్నీ లోపలికి తెచ్చి గోడకి చేర్చి దుప్పట్లు కప్పాను. అప్పుడు నా బుర్ర పనిచేయలేదు. ఆయన ఎదురు మేడ ఎక్కి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆయనకి అంతా కనిపించింది. బల్ల మీద నీ సుత్తి కూడా కనిపించిందని రాసుకున్నారట.

నన్ను ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. ఇంతకంటే రాయలేకపోతున్నాను. సబ్బులూ ఒక తువ్వాలూ పంపిస్తున్నాను.

అక్క


జైలు నుంచి

అక్కకి,

రాయడం, చింపడం, ఇదే పనిగా ఉన్నాను. మొదట నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత నీ తరఫున నాతో నేనే వాదించుకున్నాను. ఒక్కతే ఉంది, జడ్జి అంటే ఎవరికైనా వణుకే, సర్దడం దాని పుట్టుకలోనే ఉంది, వద్దన్నా వినదు అని. దాదాపు ఒప్పుకున్నాను కూడా.

అప్పుడు లాయరమ్మ వచ్చింది. జడ్జిగారు కిందికి దిగాక నిన్ను పిలిచి, ఈ అద్దాలు రోజూ బయట ఉంటాయా అని అడిగారట. లేదండీ, మధ్యాహ్నానికల్లా లోపల పెట్టేస్తాం అన్నావట. పాఠాల మాస్టారిని సాక్షిగా తెద్దామంటే, ఆయన ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదట. ఉన్నదల్లా నువ్వొక్కదానివే. ఆ మాట కూడా ఊడ్చి తుడవడంలో భాగమేనా అక్కా? అద్దాలు వీధిలో లేకపోతే కొట్టు మూసినట్టే ఉంటుందని నా ప్రాణం తీసేది నువ్వే. ఎండొచ్చినా వానొచ్చినా లోపల పెట్టనిచ్చేదానివి కాదు.

నిన్న తీర్పు చెప్పారు. నువ్వు వెనక బెంచీలో కూర్చున్నావు, చూశాను. చిట్టి రాలేదు. పదేళ్ళు అనగానే నీ వైపు తిరిగాను. నువ్వు ఏడుస్తావనుకున్నాను. తల దించుకున్నావు. చేయని తప్పుకి ఏడుస్తారు, చేసినదానికి అలా తల దించుకుంటారు. నువ్వు తెలిసే చేశావని నాకప్పుడు అర్థమైంది. ఎందుకు చేశావో మాత్రం అర్థం కాలేదు.

జవాబు లాయరమ్మ చేతికివ్వు. కవరు అంటించి ఇవ్వు. ఆవిడ విప్పదు, ఆవిడ తెచ్చేది ఇక్కడెవరూ విప్పరు.

తమ్ముడు


లాయరమ్మ ఆఫీసు బయట బెంచీ మీద నుంచి

నాన్నా,

చిట్టి కోసం చేశాను. మిగతాది చదవాలనిపించకపోతే చదవకు.

జడ్జిగారు రావడానికి ముందు రోజు ఇన్‌స్పెక్టరు కొట్టుకొచ్చాడు. ఒక్కడే వచ్చాడు. గుమ్మంలో అద్దం ముందు నిలబడి, జేబులోంచి దువ్వెన తీసి తీరిగ్గా తల దువ్వుకున్నాడు. వెనక్కి తిరగకుండా అద్దంలో నన్ను చూస్తూనే మాట్లాడాడు.

"మీ అద్దాలు మంచివమ్మా. రేపు జడ్జిగారికి మేం చూడలేదనే తేలుతుంది. చూడకపోతే మీకెలా తెలిసిందని మమ్మల్ని అడుగుతారు. అప్పుడు ఎవరు చెప్పారో మేం చెప్పక తప్పదు. ఆ పేరేమిటో మీ ఇంట్లోనే కనుక్కోండి."

నేను మెట్లెక్కి పైకి వెళ్ళి చిట్టిని అడిగాను. అది గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది. దానితో చదివే అబ్బాయి ఒకడు కొన్నాళ్ళు దాచమని ఆ పొట్లాలు ఇచ్చాడట. మెట్ల కింద ఫ్రేముని ఎవరూ ముట్టుకోరు కదా అని దాని వెనక పెట్టిందట. అట్ట విప్పడం, మళ్ళీ పైకి తెలియకుండా మేకులు కొట్టడం నువ్వు నేర్పిందే. తర్వాత బస్టాపులో పోలీసులు వాళ్ళిద్దరినీ పట్టుకున్నారు. వాడు విదిలించుకుని పారిపోయాడు. ఇది భయపడి మిగతావి ఎక్కడున్నాయో చెప్పేసింది. గుట్టుగా వచ్చి తీసుకుపోతారనుకుందట, నిన్ను తీసుకుపోతారని అనుకోలేదట. కాలేజీ పిల్ల కంటే కొట్టు నడిపే మగాడి మీద కేసు పెడితే పెద్ద కేసవుతుందని ఇన్‌స్పెక్టరు ఆలోచన. అందుకే దాన్ని పంపించేసి, ఎదురు మేడ మాటు కథ అల్లారు.

అది చెప్తున్నంతసేపూ మామయ్య, మామయ్య అంటూనే ఉంది. నేను దాన్ని కొట్టాను. పుట్టాక మొదటిసారి కొట్టాను. తర్వాత మొహం కడిగి పడుకోబెట్టాను. తెల్లారాక అద్దాలు ఒక్కొక్కటే లోపలికి మోశాను. ఏం చేస్తున్నానో నాకు బాగా తెలుసు. మోస్తున్నంతసేపూ ప్రతి అద్దంలోనూ నా మొహం నాకు కనిపిస్తూనే ఉంది, అయినా ఆగలేదు.

పైకోర్టుకి వెళ్ళడానికి దారి ఉందని లాయరమ్మ అంటోంది. అద్దాలు నేనే లోపల పెట్టానని, జడ్జిగారికి అబద్ధం చెప్పానని రాసి సంతకం పెట్టాలట. నన్నూ లోపల వేయొచ్చట. దానికి నాకు భయం లేదు. కానీ నేను సంతకం పెట్టిన మరుక్షణం చిట్టి పేరు బయటికొస్తుంది. నీకు పడ్డ పదేళ్ళే దానికీ పడతాయి. ఈ సంగతి లాయరమ్మకి చెప్పలేదు, ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తోంది.

నాకేమీ పాలుపోవడం లేదు. నువ్వే చెప్పు. పెట్టమంటే పెడతాను, నీ మీద ఒట్టు.

అక్క


జైలు నుంచి, లాయరమ్మ చేతికి

అక్కా,

గొప్ప ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. పిల్లదాని జోలికి పోవద్దు, నేను భరిస్తాను, నాకేమీ ఫర్వాలేదు అని. మొదటి వాక్యం రాశాను కూడా. ఆ తర్వాత చెయ్యి కదల్లేదు.

నేను భరించలేనక్కా. చిట్టిని నేనే పెంచాను. దానికి జ్వరమొస్తే కొట్టు మూసుకుని పక్కన కూర్చున్నాను. ఎవరైనా నా పెళ్ళి మాట ఎత్తితే దాన్ని చూపించి తప్పించుకున్నాను, నాకు కూతురుంది కదా అని. అదంతా అబద్ధం కాదు. ఇప్పటికీ దాని మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. అయినా నాకు బయటికి రావాలనుంది. ఎవరి మీద ప్రేమ ఎంతున్నా ఆ కోరిక తగ్గడం లేదు. వంటాయన పోయాడు. గుండె ఆగిందన్నారు. ఇన్నాళ్ళూ ఆయన్ని పిలిచినవాళ్ళు ఇప్పుడు నన్ను పిలుస్తున్నారు. ఎందుకు పిలుస్తారో నీకు రాయలేను.

దానిది చిన్న వయసు. తెలియక చేసిందంటే కోర్టు దయ తలచవచ్చు. లాయరమ్మకి అంతా చెప్పు, ఏదో ఒక దారి చూస్తుంది. నా మీద దయ తలచడానికి నేనేం చేశానని? చేస్తేనే కదా క్షమించేది.

సంతకం పెట్టు. ఇలా రాసినందుకు తర్వాత నన్ను అసహ్యించుకున్నా సరే, ముందు సంతకం పెట్టు. గడువు దాటనివ్వకు.

తమ్ముడు


ఇంటి నుంచి

తమ్ముడూ,

గడువు అయిపోయింది.

రోజూ వెళ్ళానురా. బెంచీ మీద కూర్చునేదాన్ని, లాయరమ్మ తలుపు తీసి రమ్మనేది, ఇదిగో వస్తున్నానని చెప్పి ఇంటికి వచ్చేసేదాన్ని. ఒక రోజు గట్టిగా అనుకుని, తాడో పేడో తేల్చుకుందామని చిట్టిని కూడా వెంట తీసుకెళ్ళాను. లోపలికి వెళ్ళి దాని ఎదుటే అంతా చెప్పేద్దామనుకున్నాను. అది నా పక్కన కూర్చుని పాఠం చదువుకుంటూ, చదువుకుంటూ నా భుజం మీద నిద్రపోయింది. ఈ గొడవ మొదలైనప్పటి నుంచి అది అంత గాఢంగా నిద్రపోవడం నేను చూడలేదు. లాయరమ్మ పిలిచింది. లేస్తే దానికి మెలకువ వస్తుంది. నేను లేవలేదు.

నిన్న వెళ్తే, ఇక ఏమీ చేయలేనమ్మా అంది ఆవిడ. ఎందుకు పెట్టలేదని అడగలేదు. మంచినీళ్ళు ఇచ్చి, వీధి చివరిదాకా తోడు వచ్చింది. ఈ ఉత్తరం మాత్రం తనే నీకు అందిస్తానంది.

ఒట్టు తప్పాను. పెట్టమంటే పెడతానని నేనే రాశాను, నిన్ను అడిగి నీ చేత ఆ మాట అనిపించాను, అనిపించి కూడా చేయలేదు. అసలు అడగకుండా ఉంటే నీకు కాస్త నయంగా ఉండేది. నువ్వు వద్దంటావని ఆశపడి అడిగానని ఇప్పుడు తెలుస్తోంది. క్షమించమని అడిగే మొహం లేదు నాకు.

వచ్చే వారం కలవడానికి వస్తాను. నువ్వు రాకపోతే ఆ ఇనుప జాలీ దగ్గర కాసేపు కూర్చుని వెళ్తాను.

అక్క


జైలు నుంచి

రావద్దు. ఆ జాలీ అవతల నువ్వు కూర్చుంటే నేనేం మాట్లాడాలో నాకు తెలియదు. నిన్ను చూస్తే కోపం పోతుందేమోనని భయంగా ఉంది. కోపం కూడా పోతే ఇక్కడ నాకంటూ ఏమీ మిగలదు.

లాయరమ్మ ఇక రానంది. కేసు లేని చోట ఆవిడకి మాత్రం ఏం పని? కాబట్టి ఆవిడ చేతికిచ్చే ఉత్తరాల్లో ఇదే ఆఖరిది. ఇకమీదట మనం రాసుకునేదంతా ఆఫీసరు చదువుతాడు, ఈ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తకు.

నాకంతా తెలుసని చిట్టికి చెప్పకు. తెలిస్తే ఏడుస్తుంది. అది ఏడుస్తోందని తెలిస్తే నేనిక్కడ ఉండలేను. మామయ్య బాగున్నాడని చెప్పు. చదువు అయ్యాక దాన్ని దూరంగా ఎక్కడికైనా పంపెయ్, ఆ ఇన్‌స్పెక్టరు మళ్ళీ తల దువ్వుకోవడానికి రాకముందే.

నువ్వు మాత్రం ఉత్తరాలు రాయి. నీ మనసులో సంగతి రాయక్కర్లేదు, నా గురించి అడగక్కర్లేదు. వీధిలో ఏ ఇంటికి రంగు వేశారో రాసినా చాలు. ప్రతి వారం తప్పకుండా రాయి. నేను చదువుతానని మాట ఇవ్వలేను. ఇక్కడ ఇంటి నుంచి ఉత్తరాలు వచ్చేవాణ్ణి కాస్త తక్కువ కొడతారు.